మొన లేని అక్షరాలు

బందరులో బోర్డులు రాసే ఆయన్ని మేమంతా మావయ్య అనేవాళ్లం. సోడా కొట్టు బోర్డైనా, చర్చి గేటు మీద పేరైనా, ఆయన అక్షరాలకి ఎక్కడా మొన ఉండేది కాదు. రంగు ఆరకముందే ప్రతి గీత కొసనీ బొటనవేలితో గుండ్రంగా అద్దేవాడు.

"ఎందుకు మావయ్యా?" అని అడిగితే, "చదివేవాళ్ల కంటికి గుచ్చుకోకూడదు కదరా!" అనేవాడు.

ఒకసారి కాలువ లాకుల దగ్గర 'అపాయం' అని రాశాడు. జనం ఆ బోర్డుకే తువ్వాళ్లు తగిలించి స్నానాలకి దిగారు. కాలువ పనులు చూసే ఓవర్సీరు మండిపడ్డాడు.

"ఇది చూస్తే ఎవరికైనా భయం వేస్తుందాండీ? పదునుగా రాయండి!"

మావయ్య అది చెరిపి, మొనలు తేలేలా మళ్లీ రాశాడు. మర్నాడు వెళ్లి చూస్తే, దాని కింద చిన్న గుండ్రటి అక్షరాల్లో ఇంకో మాట ఉంది: 'లోతెక్కువ నాయనా.'

జనం అక్కడ దిగడం మానేశారు. ఏ అక్షరాలు చూసి మానేశారో నాకిప్పటికీ తెలియదు.