చేపల ఐసుతో ఐస్‌క్రీం

నా చిన్నప్పుడు ఐసు చేపలకి వేసేవాళ్లు, ఎవరూ తినేవాళ్లు కాదు. ఊకలో కప్పి ఉంచిన గడ్డని సుత్తితో కొట్టి, ఆ ముక్కలు చేపల బుట్టలో పరిచేవాళ్లు. అందులో ఊక ఉండేది, రంపపు పొట్టు ఉండేది, నీచు సరేసరి. ఏ పిల్లైనా ఒక ముక్క నోట్లో వేసుకుంటే వీపు మీద చరుపు పడేది. అరవై దాటినా ఆ భయం నాకు పోలేదు. అందుకే మొన్న చలికాలంలో ఇక్కడ ఐర్లండ్‌లో, నేవన్ ఊళ్లో మంచు పడిన రోజు, మా మనవరాలు పెరట్లోంచి గ్లాసు నిండా మంచు తెచ్చి, అందులో పాలూ పంచదారా కలిపి చెంచా నోట్లో పెట్టుకోబోతుంటే, గ్లాసు లాక్కుని సింకులో పారబోశాను.

"ఐసు తింటావటే! చేపల కంపు కొడుతుంది."

"దేర్స్ నో ఫిష్ ఇన్ ఇట్, అమ్మమ్మా! ఇట్ కేమ్ ఫ్రమ్ ద స్కై!" అని పిల్ల పగలబడి నవ్వింది. నేను చెప్పేదంతా దానికి అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాస ఇంగ్లీషులోనే వస్తుంది.

అది అలా నవ్వడం మూడు వారాల్లో అదే మొదటిసారి. మా అమ్మాయి ఇక్కడ ముసలివాళ్లని చూసుకునే నర్సింగ్ హోమ్‌లో నర్సు. అల్లుడు గాల్వే అనే ఊళ్లో పని చేస్తూ శనాదివారాలకి వస్తాడు. పదేళ్ల పిల్లకి తోడుగా నేను వచ్చాను. ఆ మంచుకి మూడు వారాల ముందు వాళ్ల బడిలో కేక్ సేల్ అన్నారు. ఇంట్లో చేసిన తీపి పట్టుకెళితే బడి కోసం అమ్ముతారట. నేను సున్నుండలు చేసి ఇచ్చాను. డబ్బా ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చింది. ఎవరో పిల్ల మూత తీసి ముక్కు మూసుకుందట, మిగతావాళ్లు నవ్వారట. ఆ సాయంత్రం మా మనవరాలు ఉండలన్నీ తిండి చెత్త వేసే బ్రౌన్ బిన్‌లో ఒంపేయడం కిటికీలోంచి చూశాను. మర్నాటి నుంచి బడి గేటు దాకా రావద్దంది, వీధి మలుపులో ఆగమంది. దారిలో నేను తెలుగులో పలకరిస్తే నాలుగడుగులు ముందుకి నడిచేది. నన్ను దాచుకుంటే నాకు బాధ లేదు, నేనివాళ ఉండి రేపు పోయేదాన్ని. కానీ ఇవాళ అమ్మమ్మని దాచిన పిల్ల రేపు అమ్మని దాస్తుంది, ఆ తర్వాత తన పేరు దాచుకుంటుంది. నాకు దిగులు పట్టుకుంది అక్కడే.

మంచు పడిన ఆ రోజు నవ్విందన్న సంతోషంతో, "ఐస్‌క్రీం ఎలా చేస్తారో నేను చూపిస్తానుండు" అని పాలు కాచాను. యాలకులు వేసి చల్లార్చి, బెల్లం కలిపాను. పిల్ల నా పక్కనే నిలబడి గిన్నె అడుగు నాకింది. వాళ్ల అమ్మ మంచు కరగడానికి కారు దారిలో చల్లమని కొనిపెట్టిన గళ్లుప్పు బస్తా, ఒక బేసిన్, స్టీలు డబ్బా తీసుకుని నేను వీధి తలుపు వైపు నడిచేసరికి దాని మొహం మారిపోయింది.

"బ్యాక్ గార్డెన్, అమ్మమ్మా. ప్లీజ్. ఎవ్రీవన్స్ అవుట్ దేర్."

బడులకి సెలవిచ్చారు కాబట్టి ముందున్న పచ్చికలో కాలనీ పిల్లలందరూ మంచు దొర్లిస్తున్నారు. ముక్కు మూసుకున్న పిల్ల కూడా అందులో ఉందని మా మనవరాలు చూపించింది. నా కొంగు పట్టుకుని వెనక్కి లాగింది. అచ్చం అలాగే నేనూ ఒకరి కొంగు లాగాను, దానికంటే చిన్న వయసులో.

మాది బందరు దగ్గర పల్లెపాలెం. మా మేనత్త చేపలమ్మేది. తెల్లారేసరికి ఐసు ఫ్యాక్టరీకి వెళ్లి, ఐసు బుట్టలో పోయించుకుని, అక్కణ్ణించి రేవుకి వెళ్లేది. ఆ ఫ్యాక్టరీ షావుకారి ఇంట్లో ఒకసారి కూతురి పుట్టినరోజు చేశారు. ఎక్కణ్ణించో చేత్తో తిప్పే ఐస్‌క్రీం పీపా తెప్పించారు. పీపా మధ్యలో పాల డబ్బా, చుట్టూ ఐసూ ఉప్పూ, పైన తిప్పుడు కర్ర. దాన్ని తిప్పడానికి మా వీధి పిల్లల్ని పెరట్లోకి పిలిపించారు. తిప్పితే మీకూ పెడతామన్నారు. ఐస్‌క్రీం అనే మాట వినడమే కానీ మేమెవరం దాన్ని చూసెరగం. మధ్యాహ్నం నుంచి వంతులేసుకుని తిప్పాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా వంతు వదల్లేదు, వదిలితే నా వాటా తగ్గిపోతుందేమోనని.

గట్టిపడ్డాక డబ్బా ఎత్తి ముందు హాల్లోకి తీసుకుపోయారు. మేం వరసగా కూర్చుని చూస్తున్నాం. చాలాసేపటికి షావుకారి భార్య గుమ్మంలోకి వచ్చి, "నీచుకంపు చేతులు, వీళ్లకి మా గిన్నెలెలా ఇస్తాం? పంపించెయ్యండి" అంది. అందరూ లేచారు. నేను ఆశ చంపుకోలేక, పీపాలో మిగిలిన ఐసు మీద ఏమైనా ఒలికిందేమోనని గుప్పెడు తీసి నాకాను. వట్టి ఉప్పు. నా మొహం చూసి లోపలి నుంచి ఎవరో నవ్వారు. ఆ ఉప్పదనం కంటే ఆ నవ్వే ఎక్కువ మండింది.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. అత్త కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. నా చేతులు తిప్పి చూసి, ఒకటే అడిగింది.

"మీరు తిప్పినంతసేపూ రాని కంపు, గిన్నె అడిగేసరికి వచ్చిందా?"

మర్నాడు ఎప్పట్లాగే వెళ్లి ఐసు పోయించుకుంది. కానీ రేవుకి వెళ్లలేదు. గేదె పాలు కాచి, చల్లారాక తాటిబెల్లం కలిపి, యాలకులు దంచి వేసింది. పాలు వేడిగా ఉన్నప్పుడు బెల్లమేస్తే విరిగిపోతాయని నాకు చెప్పి మరీ చేసింది. వాటిని మూత బిగుతుగా ఉన్న కేరేజీ గిన్నెలో పోసి, చేపలు కడిగే సత్తు బేసిన్‌ని మూడుసార్లు తోమి, అందులో ఐసు పోసి, ఉప్పు మళ్లలో ఏరుకొచ్చిన పెళ్ల ఉప్పు గుమ్మరించి, మధ్యలో ఆ గిన్నె పెట్టింది. ఆ బేసిన్ నెత్తిన పెట్టుకుని మా అందర్నీ వెంటేసుకుని బయల్దేరింది. ఎక్కడికో అనుకున్నాం. నేరుగా షావుకారి గేటుకి ఎదురుగా, వీధి కుళాయి పక్కన దింపి, చీర దోపుకుని కూర్చుంది.

నేను అత్త కొంగు లాగి, ఇంటికెళ్లి తిందాం అన్నాను. తలుపేసుకుని తిందాం అని కూడా అన్నాను.

"ఎందుకే? దొంగతనం చేశామా? రోడ్డు మునిసిపాలిటీది. ఇంట్లో తింటే కడుపు నిండుద్ది, అంతే. ఇక్కడే తిను."

పీపా లేదు, తిప్పుడు కర్రా లేదు. గిన్నె అంచు పట్టుకుని అటూ ఇటూ తిప్పడం, మధ్యమధ్య మూత తీసి అంచులకి పట్టినదాన్ని గరిటెతో గీకి కలపడం. ఉప్పు పడిన ఐసు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గంటసేపటికి పాలు గట్టిపడ్డాయి. బాదం ఆకులు దొన్నెల్లా మడిచి అందరికీ సమానంగా పెట్టింది. యాలకుల వాసన వీధంతా పాకింది. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి షావుకారి భార్య మేడ మీదికొచ్చింది.

"ఏంటే అది, ఇక్కడ కూర్చున్నారు?"

మా అత్త లేవలేదు. తలెత్తి చూసి, ఎంతో మర్యాదగా జవాబిచ్చింది.

"ఐస్‌క్రీం తింటన్నామమ్మగారూ. మీరూ తింటారా? గిన్నె మీరే తెచ్చుకోండి, మా కాడ గిన్నెల్లేవు."

మా పిల్లల్లో ఒకడికి నవ్వాగక ఐస్‌క్రీం ముక్కులోకి పోయింది. మేడ మీద కిటికీ రెక్కలు ధనాధనా పడ్డాయి. మేం మాత్రం దొన్నెలు నాకి, గిన్నె గీకి, ఆకులు ఏరి కుప్పేసి, నెమ్మదిగా ఇంటికెళ్లాం.

ఆ మాట అత్తకి ఊరికే దక్కలేదు. మర్నాటి నుంచి ఆ ఫ్యాక్టరీలో ఆమెకి ఐసు పొయ్యలేదు. రేవు అవతలి ఫ్యాక్టరీకి తెల్లారుజామునే లేచి అంతదూరం నడిచేది, నాకు పెళ్లై వచ్చేసేదాకా అలాగే నడిచింది. వెళ్లి క్షమించమని అడుగు, పోయిస్తారు అని చుట్టుపక్కలవాళ్లు ఎన్నిసార్లు చెప్పారో. "అవతలిదీ చల్లగానే ఉంది గదా" అనేది.

ఇదంతా తలుపు దగ్గర నిలబడ్డ ఆ కాస్తసేపట్లో నా కళ్లముందు తిరిగింది. మనవరాలి చేతిలోంచి కొంగు మెల్లగా విడిపించుకుని, "నువ్వు లోపలుండమ్మా, నేను బయటే చేస్తాను" అన్నాను. తిట్టలేదు, రమ్మని బతిమాలలేదు. చీర మీద మా అమ్మాయి పెద్ద కోటు, రెండు జతల మేజోళ్లు వేసుకుని, గుమ్మం ముందు ప్లాస్టిక్ స్టూలు వేసుకున్నాను. బేసిన్ నిండా తాజా మంచు ఎత్తి, బస్తాలో ఉన్న ఉప్పంతా పోసి, మధ్యలో డబ్బా పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. మంచు ఊక లేకుండా, నీచు లేకుండా ఎంత తెల్లగా ఉందో. అయినా దాన్ని పాలల్లో కలపడానికి నాకింకా చెయ్యి రాలేదు.

పక్కింటి పెద్దాయన పారతో దారి శుభ్రం చేసుకుంటూ, బాగానే ఉన్నావా అన్నట్టు ఏదో అడిగాడు. "గ్రాండ్" అన్నాను. ఈ దేశంలో బాగున్నాననే ఆ ఒక్క మాటతో చాలా పనులు జరిగిపోతాయి. కాసేపటికి పచ్చికలోని పిల్లలు ఒక్కొక్కరే గోడ దగ్గర చేరారు. ముక్కు మూసుకున్న పిల్లే ముందుకొచ్చి గబగబా ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. డబ్బా చూపించి తిప్పమని సైగ చేశాను. తిప్పింది, వేళ్లు జివ్వుమంటే అరిచి, చేతులు విదిలించుకుని మళ్లీ పట్టుకుంది. అందరూ వంతులకి ఎగబడ్డారు, అందరూ ప్రశ్నలే. నేను మూత తీసి గీకుతుంటే వాసన గుప్పుమంది. ఆ పిల్ల ముక్కు ముందుకి చాచి, ఇందులో ఏముంది అని ఈసారి నిదానంగా అడిగింది. బెల్లానికీ యాలకులకీ ఇంగ్లీషు మాటలు నాకు రావు.

నా వెనక వీధి తలుపు చప్పుడైంది. మా మనవరాలు బూట్లు సగం తొడుక్కుని గడపలో నిలబడింది. నావైపు చూసింది, ఆ పిల్లవైపు చూసింది. మొహం ఎర్రబడింది. అడుగు బయటికి వేసింది.

"ఇట్స్ మై గ్రానీస్. మిల్క్, బెల్లం అండ్ యాలకులు."

ఆ పిల్ల ఆ మాటలు అనబోయి, నాలుక తిరగక నవ్వేసింది. మా మనవరాలు నవ్వలేదు. నా చేతిలోంచి గరిటె తీసుకుని డబ్బాకి అడ్డంగా పెట్టింది.

"నో. సే ఇట్ రైట్. దెన్ యూ గెట్ సమ్."

నాలుగోసారికి గానీ ఆ పిల్లకి యాలకులు పలకలేదు. పలికాకే పెట్టింది మా మనవరాలు. మిగతావాళ్లని కూడా వదల్లేదు, గోడ పొడుగునా నిలబెట్టి ఒక్కొక్కరి చేతా అనిపించింది. ఇద్దరికి రుచి నచ్చలేదు, వెళ్లిపోయారు. వెళితే వెళ్లారని అదే భుజాలెగరేసింది. ఆ సాయంత్రం మా అమ్మాయి, కారు మంచులో ఎత్తు ఎక్కకపోవడంతో దాన్ని కాలనీ మొదట్లో వదిలేసి జారుకుంటూ నడిచొచ్చింది. "ఉప్పంతా ఏం చేశావే అమ్మా? రేపు డ్యూటీకెలా వెళ్లను?" అని నామీద కేకలేసింది. పొద్దున్నే లేచి నేనూ మనవరాలూ పారతో దారి తవ్వాం.

సున్నుండలు బడికి పట్టుకెళతానని అది ఇంతవరకూ అనలేదు. అననీ, తొందరేముంది? బడి తెరిచిన రోజు అలవాటు ప్రకారం నేను మలుపులో ఆగాను. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఆర్ యూ నాట్ కమింగ్?" అని విసుక్కుంది. గేటు దాకా వెళ్లాను.

మా అత్త పోయి చాలా ఏళ్లైంది. ఆమె నుంచి నాకొచ్చింది నగా కాదు, నట్రా కాదు, ఒక్క అలవాటు. ఏ ఊళ్లో ఉన్నా, ఏ దేశంలో ఉన్నా, పొయ్యి మీద ఏదైనా ఉడుకుతుంటే నేను వీధి తలుపు కొంచెం తీసే ఉంచుతాను. హీటింగంతా బయటికి పోతోందని మా అమ్మాయి రోజూ కసురుతుంది. కసరనీ. నా వంట వాసన వీధిలోకి వెళ్లాల్సిందే.