బొడ్డమ్మ ఊగిన లంగరు తాడు

ముందు చప్పుడు వినబడుతుంది. తడిసిన దేన్నో కర్రతో కొడుతున్న చప్పుడు. ఉద్దానం కొబ్బరితోటల్లో నడుస్తుంటే అది ఒకసారి కుడిపక్క నుంచి, ఒకసారి సముద్రం లోపలి నుంచి వస్తున్నట్టుంటుంది. మట్టల సందుల్లోంచి పడ్డ ఎండ ఇసుక మీద చారలు చారలుగా కదులుతుంటుంది. ఆ చారలు తొక్కుకుంటూ వెళ్తే, భావనపాడుకి మైలు ఇవతల, ఉప్పుటేటి ఒడ్డున ఓ తాటాకు పాక. అందులో ఆడవాళ్లు నానిన కొబ్బరి డొక్కల్ని కొట్టి పీచు తీస్తున్నారు. వాళ్ల మధ్య కర్ర పట్టకుండా, కళ్లు మూసుకుని కూర్చున్న మనిషే బొడ్డమ్మ.

నిద్రపోతోందనుకున్నాను.

"ఒలే నూకరత్నం, ఆ డొక్క పక్కనెట్టీ. అది ఇంకా నాన్నేదు," అంది, కళ్లు తెరవకుండానే.

"నీయి సెవులు కావమ్మా, పాము సెవులు!" అంది నూకరత్నం. పాక అంతా నవ్వింది.

బొడ్డమ్మ కుడిచెయ్యి మణికట్టు దగ్గర పక్కకి ఒరిగి ఉంటుంది, నీళ్లలో ముంచిన కర్ర వంగినట్టు కనిపించే తీరుగా. ఆ చేతి సంగతి అడిగితే ఆమె తాడు సంగతి చెప్పింది.

పలాసలో రైలు ఆగడం మొదలైన కొన్నేళ్లకి నారాయణరావు అనే ఆసామి ఇక్కడ తాళ్ల పని పెట్టాడు. మొదట ముగ్గురే ఆడవాళ్లు, అందులో బొడ్డమ్మ ఒకతె. డొక్కల్ని ఏటి బురదలో పాతిపెడితే నానడానికి పది నెలలు. వాన వెళ్లిపోతుంది, చలి వెళ్లిపోతుంది, డొక్క మాత్రం ఉప్పునీళ్ల అడుగున మెల్లమెల్లగా తన బిరుసుతనం మరిచిపోతుంది. బయటికి తీసి కొడితే పీచు జుట్టులా విడివడేది. ఎవరు కొట్టిన పీచు వాళ్లే పేనేవారు. తాడు పూర్తయ్యాక రెండు కొబ్బరిచెట్లకి ఉయ్యాలగా కట్టి, పేనిన మనిషే ఒళ్లో బండరాయి పెట్టుకుని ఊగాలి. అలా ఊగి చూడని తాడు ఆ పాక దాటేది కాదు.

"ఊగతా ఉంటే ఇటు ఏరు, అటు సవుద్రం. రెండూ నా కాళ్ల కింద నుంచే పోతన్నట్టుండేది," అంది బొడ్డమ్మ.

పని పెరిగింది. టెక్కలి బళ్లవాళ్లు, బావుల వాళ్లు, పలాస స్టేషన్లో మూటలు కట్టేవాళ్లు, అందరికీ ఈ తాళ్లే కావలసి వచ్చాయి. ముగ్గురు ముప్పైమంది అయ్యారు. కొట్టేవాళ్లు కొట్టడమే, పేనేవాళ్లు పేనడమే. ఏ తాడు ఎవరిదో ఎవరికీ తెలియకుండా పోయింది. బొడ్డమ్మని నారాయణరావు అందరి మీదా మేస్త్రమ్మని చేశాడు. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే ఇసుకలో తన అడుగులు కొంచెం పెద్దవిగా పడ్డాయట.

ఓ ఏడాది, డొక్కలు పాతిన నాలుగు నెలలకే గొయ్యి తవ్వించాడు నారాయణరావు.

"బావూ, ఇవి పచ్చివి," అంది బొడ్డమ్మ.

"రంగు సూడే, బంగారంనాగుంది. ఎవుడు కాదంటాడు?"

"మరి ఊగడం?"

"ముప్పై తాళ్లకి ముప్పైమంది ఊగితే, మనం తాళ్లు అమ్మినట్టా, తిరనాళ్ల సేసినట్టా?"

అందరూ నవ్వారు. బొడ్డమ్మ కూడా నవ్వింది. కర్ర దెబ్బ కింద డొక్క విడివడకుండా విరుగుతున్న చప్పుడు ఆమెకి స్పష్టంగా వినబడింది. మేస్త్రమ్మ కాబట్టి ఊరుకుంది. భావనపాడు నుంచి సోములు తన పడవకి లంగరు తాడు కావాలని వస్తే, ఆ పీచుతో పేనినదే తన చేతులతో చుట్టి అతని భుజానికి ఎత్తింది.

ఆ మర్నాడు తెల్లవారేసరికి గాలి తిరిగింది. కొబ్బరిమట్టలన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. బొడ్డమ్మ పొయ్యి వెలిగించకుండానే ఇసుకలో పడి పరుగెత్తింది. ఇల్లు, తోట, ఏరు వెనక్కి కరిగిపోయాయి. పడవ అప్పటికే సగం నీళ్లలో ఉంది.

"సోములూ, ఆ తాడిచ్చీ. అది మంచిది కాదు."

"నిన్న నువ్వే ఇచ్చినావు కదప్పా! రేత్రికి రేత్రే సెడిపోనాదా? సేపా ఏటి?"

తోసేవాళ్లు పకపకా నవ్వారు.

"ఉయ్యాల కట్టు. నాను ఊగుతాను. తాడు ఆగితే అట్టుకెల్లిపో."

పిచ్చిదనుకున్నారు. ఆమె పడవ ముందు నిలబడి కదలకపోయేసరికి ఒడ్డున రెండు చెట్లకి కట్టారు. లంగరు రాయి ఒళ్లో పెట్టుకుంది. మొదటి ఊపు, రెండో ఊపు. సముద్రం పైకి లేచి వచ్చి, మళ్లీ కిందికి దిగిపోయింది. మూడో ఊపులో కాళ్ల ముందు ఆకాశం తప్ప ఏమీ లేదు. ఎక్కడా పట్టు లేని ఆ క్షణం చాలాసేపు ఉందనిపించిందట. తర్వాత ఇసుక తగిలింది. రాయి చేతి మీద పడింది.

ఎవరూ నవ్వలేదు. సోములు తెగిన కొసని కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, పడవని వెనక్కి లాగమన్నాడు.

ఆ సాయంత్రం నారాయణరావు వచ్చి ఆమె చేతి కట్టు చూశాడు. అమ్మిన తాళ్లన్నీ టెక్కలి దాకా బండి పంపి వెనక్కి తెప్పించాడు. మిగిలిన డొక్కల్ని మళ్లీ బురదలో పాతించాడు. అవి నానేదాకా పని లేక చాలామంది మానేశారు. పాక చిన్నదైంది. పేనలేని చెయ్యి ఉన్న మనిషిని ఏ పనిలో పెట్టాలో తెలియక, "కూకుని ఇను," అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆమె వింటూనే ఉంది. పాక మెల్లగా మళ్లీ నిండింది.

ఎండ తగ్గింది. నేను లేచాను. పోయే ముందు ఒక్క మాట అడగాలనిపించింది.

"ఆ రోజు తాడు తెగకపోయి ఉంటే?"

బొడ్డమ్మ ఒరిగిన చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"తెగకపోతేనా బావూ? సోములు నవ్వుకుంటా ఎలిపోయీవోడు. నాను మేస్త్రమ్మనాగే తిరిగొచ్చీదాన్ని. ఇంక ఎప్పుడూ నోరిప్పీదాన్ని కాదు."