పక్క సీటు బరువు

పాత ట్రైలర్, అంటే బండి వెనక లాక్కెళ్లే ఇల్లు, కొనేవాళ్ల కోసం నేను తయారుచేసుకున్న కాగితం ఒకటి ఉంది. పైకప్పు అతుకుల నుంచి చక్రాల ఇరుసుల దాకా చూడవలసినవన్నీ అందులో ఉంటాయి. అన్నిటికంటే పైన ఒక ప్రశ్న, పక్కన ఒక గడి. ఎంతమంది ఉంటారు?

"ఇద్దరం," అన్నాడు ఆర్లిన్ ష్రాక్.

నా పెన్సిల్ ఆగిపోయింది. అతని భార్య ట్వైలాను మార్చిలో, నేల ఇంకా గడ్డకట్టి ఉండగానే, మా చర్చి వెనక పాతిపెట్టాం. గోతిలో మట్టి పోసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు సెప్టెంబరు చివరి వారం. మొక్కజొన్న ఎండి గలగలమంటోంది. ఆర్లిన్ ఇల్లు అమ్మేశాడు. శుక్రవారం తాళాలు ఇచ్చెయ్యాలి. ఆ రోజు మంగళవారం.

గడి ఖాళీగా వదిలేసి, "పద చూద్దాం," అన్నాను.

ఇండియానాలో మా వైపు సగం మంది ట్రైలర్ల ఫ్యాక్టరీల్లోనే బతికారు. నేను పద్దెనిమిదేళ్లు నేలలు బిగించాను. మరమ్మతు పని ఎవరూ నేర్పలేదు, విప్పి చూసి నేర్చుకున్నాను. ట్వైలా ఇరవై రెండేళ్లు సోఫాలకు గుడ్డలు కుట్టింది. అన్నీ ఎవరో వెళ్లబోయే ఊళ్ల కోసం. ఆర్లిన్ సరుకు లారీ మీద ముప్పై నాలుగేళ్లు పడమటి కొండలు దాటి వచ్చేవాడు. అతను రిటైరైతే ఇద్దరూ ఒక ఫిఫ్త్ వీల్ కొనుక్కుని అందులోనే కాపురం పెట్టాలన్నది వాళ్ల మాట. ఫిఫ్త్ వీల్ అంటే మామూలుగా తోకకు తగిలించే ట్రైలర్ కాదు. పికప్ ట్రక్కు తొట్టి నడుమ బిగించిన కొక్కెం మీద మెడ ఆనించి కూర్చునే పెద్దది. అందుకే దాని బరువులో మంచి భాగం ట్రక్కు వీపు మీదే పడుతుంది. లోపల ఎంత బాగున్నా, ట్రక్కు మొయ్యలేనిదైతే ఆ ఇల్లు ఇల్లు కాదు.

ఏది కొనాలో ట్వైలా ఒక పాత కవరు వెనక రాసిపెట్టింది. సింకు ముందు కిటికీ. ప్రయాణానికి గోడలు లోపలికి జరిపేసినా ఫ్రిజ్ తలుపు తెరుచుకోవాలి. కుట్టుమిషన్‌కు వెలుతురున్న మూల. నాకు అందే అరలు. ఆమె ఐదడుగుల మనిషి. ఆర్లిన్ ఆరడుగుల మూడంగుళాలు.

ఆమె చెప్పినవన్నీ ఉన్న ట్రైలర్ ఒకటి అతనికి దొరికింది. ఆ మంగళవారం నన్ను తీసుకువెళ్లింది అక్కడికే.

నా పద్ధతి ఒకటుంది. ఆగినచోట గది వెడల్పు కావడానికి బయటికి జరిపే గోడలన్నీ మూయిస్తాను, దారి పక్కన వానలో ఆగిపోయినట్టు. అప్పుడు కొనేవాణ్ణి లోపల ఒక రోజంతా బతికి చూపించమంటాను. మంచం దిగు, కాఫీ పెట్టు, స్నానానికి నిలబడు, గిన్నెలు కడుగు. ఉత్త చేతులతోనే. పావుగంటలో తెలిసిపోతుంది. అమ్మేవాడి మాటలు పావుగంట నిలవవు.

ఆర్లిన్ స్నానాల గదిలో నిలబడ్డాడు. తల పైకప్పుకు తగిలి మెడ వంగిపోయింది.

"ఇలాగే కాపురం చేస్తావా?" అన్నాను. "ఏడాదికల్లా కొంగలా తయారవుతావు."

"ట్వైలాకు సరిపోయింది కదా," అన్నాడు.

వంటగట్టు పక్క ఇరుకు దారిలో నడుస్తూ ఒకచోట ఆగి, వీపు గోడకు ఆనించి, పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. ఎవరికో దారి ఇచ్చినట్టు. రెండు క్షణాలు ఆగి మళ్లీ నడిచాడు. నేను ఎదురుగా లేను, అతని వెనక ఉన్నాను.

నేను మోకాళ్ల మీద కూర్చుని ముందు మూల నేలను పొడిచాను. నా చేతిలోని దబ్బనం పిడిదాకా దిగిపోయింది. చెక్క తడిసిన రొట్టెలా ఉంది.

"ఇది అక్కర్లేదు."

"బాగుచెయ్యి."

"చచ్చిపోయినదాన్ని బాగుచెయ్యలేను ఆర్లిన్," అనేసి నాలుక కరుచుకున్నాను. నేల గురించే అన్నాను. అతను కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండోది బుధవారం చూశాం. లవోన్ హోస్టెట్లర్‌ది. డెబ్బై ఐదేళ్ల మనిషి. మొగుడితో కలిసి తొమ్మిదేళ్లు అందులోనే ఉండి, ఆయన మోకాళ్లు పోవడంతో కొడుకు పెరట్లో ఆపేశారు. సామాన్లింకా అందులోనే ఉన్నాయి.

"గుర్రం కొనేముందు అందరూ పళ్లు చూస్తారు," అంది లవోన్, నేను చక్రాల కింద దూరుతుంటే. "ఈ మెర్ల్‌గాడు గిట్టలు నాకి కూడా చూస్తాడు."

"ఉప్పగా ఉంటే కొననివ్వను లవోన్ గారూ."

"మా ఆయన్ని చూసుకున్నట్టు చూసుకున్నాను దీన్ని. కాదులే, అంతకన్నా బాగానే."

అబద్ధం కాదు. ఎవరో శ్రద్ధ ఉన్నవాళ్లు అతుకు అతుకూ ఏటేటా చేత్తో నింపారు. నేల రాయిలా ఉంది. పైకప్పు ఎత్తు. స్నానాల గదిలో ఆర్లిన్ నిటారుగా నిలబడి, చెయ్యెత్తి తలపైన ఉన్న ఖాళీని తడిమాడు. సింకు ముందు కిటికీ ఉంది. కుట్టుమిషన్‌కు మూల ఉంది. అరలు మాత్రం ఎత్తు.

"పీట వేసుకుంటుందిలే," అన్నాడు.

తర్వాత మంచం మీద పడుకున్నాడు, గోడ పక్కకు ఒదిగి, రెండో సగం ఖాళీగా వదిలి. నేను వంటగది నేల మీద అరచేతులు ఆనించి ఎక్కడైనా వణుకుందేమో చూస్తున్నాను. లవోన్ బయట బట్టలు ఆరేస్తోంది. అప్పుడు నా చేతుల కింద అడుగులు తెలిశాయి. తేలికైనవి. నాలుగు. మంచం వైపు నుంచి తలుపు దాకా. తలెత్తి చూస్తే ఎవరూ లేరు. ఆర్లిన్ కళ్లు మూసుకుని అలాగే ఉన్నాడు.

ట్రైలర్‌లో ఒక మూల కదిలితే ఇంకో మూల తెలుస్తుంది. దానికి కారణాలుంటాయి. బయటికి వెళ్లి ట్రైలర్ కింద ఆనించిన ఇనప కాళ్లు చూశాను. ఒకటి చెక్క దిమ్మ మీద సరిగా కూర్చోలేదు. సరిచేసి బిగించి, అదే కారణమని కాగితం మీద రాసుకున్నాను.

ఇక బరువు తేలాలి. లవోన్‌కు ఆర్లిన్ చిన్నప్పటి నుంచీ తెలుసు. "కాటా దాకా తీసుకుపోయి చూసుకో అబ్బాయ్," అంది. సామాన్లు దించని ట్రైలర్ తూకమే నిజమైన తూకం. ఆర్లిన్ పెట్టే సామానూ దాదాపు అంతే ఉంటుంది. ట్రైలర్‌ను ఆర్లిన్ పికప్ ట్రక్కుకు తగిలించి, నేను ముందు కుడివైపు తలుపు తెరిచాను. సీటు మీద నీలం గొడుగు ఉంది. కింద ఆడవాళ్ల బూట్లు ఒక జత, లేసులు ముడివేసి ఉన్నాయి.

"వెనకెక్కు," అన్నాడు ఆర్లిన్.

మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని తొమ్మిది మైళ్లు వెనక కూర్చున్నాను. లారీలు ఆగే బంకు దగ్గర డీజిల్ నిండా పోసి, నేను దిగిపోయాక కాటా ఎక్కించాడు. ట్రక్కు ఇరుసుల మీద పదకొండువేల నాలుగువందల అరవై పౌన్లు. తలుపు అంచున అంటించి ఉన్న హద్దు పదకొండువేల ఐదువందలు. నలభై మిగిలింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

"ఇప్పుడు ట్రైలర్ విప్పి, ట్రక్కు ఒక్కదాన్నే తూచాలి," అన్నాను. "ట్రైలర్ దీని మీద ఎంత మోపుతోందో తేలాలి."

"అక్కర్లేదు. చీటీ ఉంది." అద్దం పైనున్న ఎండ అడ్డు వెనక నుంచి పాత కాటా చీటీ తీశాడు. నిరుడు వసంతంలోది. ఎనిమిదివేల ఆరువందల ఎనభై. "అప్పుడూ ట్యాంకు నిండా. అప్పుడూ ఆ ఇనప్పెట్టె తొట్టిలోనే. ఒక్క మేకు మారలేదు."

"పాత తూకం నేను రాయను."

"నా తూకమేనయ్యా అది!"

"అయినా రాయను."

గొణుక్కుంటూ విప్పాడు. తూచాం. ఎనిమిదివేల ఐదువందల అరవై.

చీటీని చాలాసేపు చూశాడు. దిగి టైర్లు చూశాడు. ట్యాంకు మూత తీసి చూశాడు.

"కాటా చెడిపోయింది," అన్నాడు. ముప్పై నాలుగేళ్లలో ఏ కాటానూ అతను ఆ మాట అని ఉండడు. మళ్లీ ఎక్కించాడు. ఎనిమిదివేల ఐదువందల అరవై.

కాటా గది కిటికీలోంచి గుమస్తా అమ్మాయి అరిచింది. "తాతా, ఎన్నిసార్లెక్కినా సన్నబడవు! ఇంకోసారి ఎక్కితే నాకు కాఫీ కొనాలి!"

ఆర్లిన్‌కు వినబడలేదు. నూట ఇరవై పౌన్ల తేడా. నిరుడు కాటా ఎక్కినప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారో నేను అడగలేదు. అడగవలసిన పని లేదు. మిగతావన్నీ ఆ రోజు ఉన్నట్టే ఉంచుకున్నాడు, గొడుగుతో, బూట్లతో సహా.

చీటీ వెనక పెన్సిల్‌తో కూడిక వేశాడు. "ఇది కుదరదు మెర్ల్. పదకొండువేల నాలుగువందల అరవైకి నూట ఇరవై కలుపు. హద్దు మీద ఎనభై ఎక్కువ."

"ఎందుకు కలపాలి?"

పెన్సిల్ చెవి వెనక దోపుకున్నాడు.

"నువ్వు ఒక్కడివే వెళ్తున్నావు ఆర్లిన్." ఏడు నెలలుగా ఊళ్లో ఎవరూ అతనితో ఆ మాట అనలేదు. "నలభై మిగులుంది. నేల గట్టిది, ఇల్లు నీ ఎత్తుకు సరిపోయింది. ఎల్లుండి తాళాలిచ్చి ఎక్కడ పడుకుంటావు?"

"మా కంపెనీ రూలు ఏంటో తెలుసా?" ట్రక్కు మెట్టు మీద కూర్చున్నాడు. "పక్కన ఎవర్నీ ఎక్కించుకోకూడదు. ముప్పై నాలుగేళ్లు ఆ సీటు ఖాళీగా మోసుకు తిరిగాను. కొండల మీద మంచు చూపించవా అనేది. రిటైరయ్యాక అనేవాణ్ణి. ఆ వయసొచ్చింది. ఇంకో ఏడాది అన్నాను. తర్వాత ఇంకో ఏడాది అన్నాను. ఇప్పుడు ఎనభై పౌన్లకి దాన్ని ఇక్కడ దింపేసి పొమ్మంటావా?"

మాటలతో నేను ఏదీ బాగుచెయ్యలేదు ఎప్పుడూ. లేచి ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగాను. తొట్టిలో ముందు మూలన ఆ ఇనప్పెట్టె ఉంది.

"ఇందులో ఏముంది?"

"మంచు గొలుసులు. లారీవి."

"లారీ వదిలేసి ఎన్నాళ్లయింది?"

"అలవాటయ్యా."

"ఇప్పుడు ఎక్కడికి పోతున్నావు?"

"టెక్సస్. సముద్రం పక్కకి."

"అక్కడ మంచు పడుతుందా?"

తలెత్తి నన్ను చూశాడు. నేను పెట్టె పిడి పట్టుకున్నాను. అతను లేచి రెండో పిడి పట్టుకున్నాడు. మార్చి తర్వాత అతను నవ్వగా చూడటం అదే మొదలు. నవ్వంటే పెద్దదేం కాదు, ముక్కుతో గాలి వదిలాడు, అంతే. ఇద్దరం మూలుగుతూ పెట్టెను దించాం.

ట్రైలర్ తగిలించి మళ్లీ కాటా ఎక్కించాడు. పదకొండువేల మూడువందల ఇరవై. నూట ఇరవై కలిపితే హద్దుకు ఇంకా అరవై మిగులు. గుమస్తా అమ్మాయికి కాఫీ కొన్నాడు. నాకు కొనలేదు. మా తమ్ముణ్ణి పిలిచి, పెట్టెను వాడి బండిలో ఇంటికి చేర్చాను.

శుక్రవారం పొద్దున లవోన్ వాళ్ల పెరట్లో పాత సామాను దించి ఆర్లిన్ సామాను సర్దడం అయిపోయింది. కింద ఆనించే కాళ్లు పైకి ఎత్తేశాం. ట్రైలర్ ట్రక్కు కొక్కెం మీదా, తన చక్రాల మీదా నిలబడి ఉంది. అరల గొళ్లేలు పడ్డాయో లేదో చివరిసారి చూద్దామని నేను లోపలికి వెళ్లాను. మూలన కుట్టుమిషన్‌ను తాళ్లతో కట్టాడు. అరల కింద కొత్త చెక్క పీట, అంచులు గరుకు లేకుండా చేత్తో రుద్దినది.

అప్పుడు మళ్లీ నేలలో అడుగులు తెలిశాయి. మంచం వైపు నుంచి నా పక్కగా తలుపు దాకా. తెలియకుండానే వీపు అరకు ఆనించి దారి ఇచ్చాను. తర్వాత కారణం కోసం వెతికాను. బిగించడానికి కాళ్లు లేవు. గాలి లేదు. కిటికీలో నుంచి చూస్తే ఆర్లిన్, లవోన్ ఇద్దరూ కిందే, ట్రక్కు దగ్గరే ఉన్నారు. కాగితం మీద ఏమీ రాయలేదు.

నేను దిగేసరికి ఆర్లిన్ ట్రక్కు కుడివైపు తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి పిడి పట్టుకుని, ఎత్తు మెట్టెక్కి, లంగా సర్దుకుని కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. తర్వాత మెల్లగా, చప్పుడు కాకుండా తలుపు వేశాడు. లవోన్ ఏదో అనబోయి, బట్టల తీగ వైపు తిరిగింది.

నేను కాగితం చేతికిచ్చాను. పైనుంచి కిందికి చదివి వెనక్కి ఇచ్చాడు.

"మొదటి గడి వదిలేశావు."

కంటితో చూడనిది, చేత్తో తాకనిది ఆ కాగితం మీద నేనెప్పుడూ రాయలేదు. పెన్సిల్ మొన నాలుకకు అద్దుకున్నాను. రెండు అని రాశాను.

అతను మడిచి, ఎండ అడ్డు వెనక పాత చీటీ పక్కన పెట్టుకున్నాడు. ట్రక్కు కదిలింది. పెరటి మలుపు తిరిగేటప్పుడు వెనక దీపాలు రెండూ వెలుగుతున్నాయో లేదో చూశాను. వెలుగుతున్నాయి.