ఎర్రటోపీకి దక్కని సీటు

కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల బస్సు రాగానే కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపాను. నా జీవితంలో గురి తప్పనిది అదొక్కటే. అది చూసి పక్కనున్న నైజీరియా పెద్దాయన కూడా తన ఎర్రటోపీ తీసి వెనక సీట్లో వేశారు.

బస్సు కోసం చూస్తూ అప్పటిదాకా మాట్లాడుకున్నాం. ఆయన రైస్‌మిల్లు యంత్రాలు కొనడానికొచ్చిన వ్యాపారి. వాళ్ల ఊళ్లో అన్నదమ్ముల తగాదాలు ఆయనే తీరుస్తారట. ఆ టోపీ ఊరిచ్చిన పెద్దరికం, ఇంకొకరు ముట్టకూడదట.

మేం ఎక్కేసరికి ఒకడు ఆ టోపీని కింద పడేసి కూర్చున్నాడు.

"అది ఆయన సీటు. టోపీ ఏసిన్రు గద!" అన్నాను.

"గా నల్లోని టోపీకి సీటేందే? నువ్ జర నీ తువ్వాల సూస్కో."

బస్సంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. కండక్టర్‌ని పిలిస్తే, "లొల్లి వద్దు సారూ, టికెట్ తీస్కోన్రి," అన్నాడు.

నా సీటిస్తానన్నా పెద్దాయన కూర్చోలేదు. టోపీ దుమ్ము దులిపి సంచిలో పెట్టుకుని, ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగారు: "మీ తువ్వాలను ఎవరూ ముట్టలేదేం?"

 

ఆయన నిలబడితే నేనెలా కూర్చోను? మంచిర్యాల దాకా ఇద్దరం నిలబడే వెళ్లాం. కిక్కిరిసిన బస్సులో నా తువ్వాల ఒక్కటే దర్జాగా కూర్చుంది. దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఇప్పుడది మా ఇంట్లో గచ్చు తుడిచే గుడ్డ. ఎప్పుడూ నేనే పిండుతాను, చుక్క నీరు మిగలకుండా.