నా గొంతు వినిపించే బండి

యాభై నాలుగేళ్లు వచ్చేదాకా నాకు బండి నడపడం రాదు. మా ఇంట్లో స్కూటరు నా భార్య నడిపేది. నేను వెనక కూర్చునేవాణ్ణి. పటమటలో మా వీధివాళ్లకి అది అలవాటైపోయినా, కొత్తవాళ్లు మాత్రం ఒకసారి తల తిప్పి చూసేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు. నాకూ సిగ్గనిపించలేదు. స్వామి ఆమె చేతికి స్కూటరిచ్చాడు, నా నోటికి శ్లోకమిచ్చాడు. ఇద్దరికీ పని సరిపోయింది.

నేను భజన సమాజంలో పెరిగినవాణ్ణి. అక్షరాలు రాకముందే నామాలు వచ్చాయి నాకు, పక్కన కూర్చున్న పెద్దవాళ్ల నోళ్లలోంచి. తర్వాత ఒక పెద్దాయన దగ్గర అర్థం చెప్పించుకున్నాను. పగలు గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ షాపులో ఉద్యోగం. శనివారం సాయంత్రం మాత్రం, కంకిపాడు దాటాక కాలువ గట్టు మీద లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్లో, రామాలయంలో పారాయణం. శ్లోకం మొదటి సగం నేను చదివేవాణ్ణి. రెండో సగం నా భార్య అందుకునేది, ఆమెతో గొంతు కలిపి ఊరి ఆడవాళ్లంతా చదివేవాళ్లు.

మా ఇద్దరికీ అది గుడి దాకా ఆగేది కాదు. గట్టు ఎక్కగానే స్కూటరు మీదే మొదలుపెట్టేవాళ్లం. నేను వెనకనుంచి నా సగం అనేవాణ్ణి, ఆమె ముందునుంచి తన సగం. గాలి ఆమె గొంతుని తెచ్చి నా ముఖాన కొట్టేది. అప్పుడప్పుడు నాది పూర్తికాకుండానే అందుకునేది.

"తొందరెందుకు? నన్ను పూర్తి చెయ్యనీ" అనేవాణ్ణి దిగాక.

"అలాగేలెండి" అనేది నవ్వుతూ. "అయినా సగమేగా మీ వాటా. మంగళగిరి కొండ మీద స్వామి కూడా పోసిన పానకంలో సగం తాగి సగం వదిలేస్తాడు. మీరేమో నా సగంలోకి కూడా వచ్చేస్తారు."

పోయినేడు కార్తీకంలో ఆమె వెళ్లిపోయింది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చాం, వారం కూడా తిరగలేదు. స్వామి పిలిచాడు, వెళ్లింది అని వచ్చినవాళ్లందరికీ నేనే చెప్పాను. నమ్మే చెప్పాను. ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఇంట్లో దీపం ముందు కూర్చుని శ్లోకం మొదటి సగం చదివాక నా నోరు దానంతటదే ఆగిపోయేది. రెండో సగం రాక కాదు. అది నాది కాదు. ఆగినచోటే కాసేపు కూర్చుని లేచిపోయేవాణ్ణి. పారాయణం నా ఇంట్లో ముందుకు సాగలేదు.

ఏడాది పాటు గుడికి వెళ్లకూడదన్నారు. అది ఆచారం, పాటించాను. నిజం చెప్పాలంటే ఆ ఆచారం వెనక కాస్త దాక్కున్నాను కూడా. సంవత్సరీకం అయిపోయిన కొద్ది రోజులకే ఫోను వచ్చింది. ఆ ఊరి రామాలయంలో దీపం చూసుకునే పెద్దావిడ.

"ఏడు తిరిగింది గదా బాబుగారూ. ధనుర్మాసం పట్టగానే వచ్చే శనివారానికి వస్తారా? వస్తానంటే ఆడాళ్లందరికీ చెబుతా. రానన్నా చెప్పండి, పర్లేదు. ఈళ్లంతా టీవీల ముందు కూర్చోడం మరిగారు. ఇంకో ఏడు పోతే నేను పిలిచినా రారు."

"వస్తానమ్మా" అన్నాను.

ఫోను పెట్టేశాక రెండు భయాలు పట్టుకున్నాయి. మొదటి సగం దగ్గర వాళ్లందరి ముందూ ఆగిపోతే ఏం చెయ్యాలి? అసలు అక్కడికి ఎలా వెళ్లాలి? బస్సు మెయిన్ రోడ్డు మీదే దింపేస్తుంది. ఆటోవాడు తీసుకెళ్తాడు గానీ పారాయణం అయ్యేదాకా ఉండడు. నా బావమరిది, అంటే ఆమె తమ్ముడు, మా పక్క వీధిలోనే ఉంటాడు. నేను దింపుతానన్నాడు. ఒక శనివారం దింపుతాడు, రెండో శనివారం దింపుతాడు. మూడోసారి నేనే అడగలేను.

"బండి నేర్చుకుంటాను" అన్నాను.

"అక్కయ్య స్కూటరుందిగా బావగారూ. గేర్లు లేవు, ఏమీ లేవు. దాని మీదే నేర్పిస్తా."

స్కూటరు మా అపార్ట్‌మెంటు కింద కవరు కప్పుకుని ఉంది. దాని సీటు మీద వెనకభాగం నాది. అక్కణ్ణుంచి ముందుకి జరిగి కూర్చోవడం నావల్ల కాలేదు. గట్టు మీద గుంతలకి పెద్ద చక్రాలుండాలి, మోటారు సైకిలే కావాలి అని చెప్పాను. అదీ అబద్ధం కాదు. అతను నా ముఖం చూసి మరి వాదించలేదు. ఆ వారమే ఎల్.ఎల్.ఆర్. తెప్పించాడు, షోరూముకి తీసుకెళ్లాడు.

"ఎన్ని సీసీలు చూస్తున్నారు సార్?" అన్నాడు సేల్స్ అతను.

"నూట యాభై చూపించండి. మా బావగారు కుర్రాడు" అన్నాడు బావమరిది.

"మొదటి బండండీ. చిన్నది చాలు" అన్నాను.

"పోనీ నూట పాతిక తీసుకోండి సార్. వెనక మేడమ్‌గారు కూర్చున్నా పుల్లింగ్ తగ్గదు."

బావమరిది ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

"వెనక ఎవరూ కూర్చోరండీ" అన్నాను.

నూట యాభై మీద కూర్చోబెట్టారు. మునివేళ్లు మాత్రమే నేలకి ఆనాయి. నూట పాతిక కాస్త నయం, కానీ పక్కకి ఒరిగితే నిలబెట్టగలనన్న ధైర్యం రాలేదు. నూరు సీసీ బండి మీద మాత్రం రెండు అరికాళ్లూ నేల మీద పరుచుకున్నాయి. మొదటిసారి నడిపేవాడికి అదొక్కటే చాలని నాకు తెలుసు. కానీ నేను చూడాల్సింది ఇంకొకటి ఉంది. మూడు బండ్లూ ఒకదాని తర్వాత ఒకటి స్టార్ట్ చేయమన్నాను. ఒక్కొక్కదాని పక్కన నిలబడి శ్లోకం మొదటి సగం అన్నాను, మామూలుగా స్కూటరు మీద అనేంత గొంతుతో.

"ఏమన్నా అన్నారా సార్?"

"లేదండీ. ఇది వద్దు, దీని సౌండ్ ఎక్కువ."

"అందరూ సౌండ్ రావట్లేదని గొడవ చేస్తారండీ. మీరేంటి, సౌండొస్తోందని వద్దంటారు?" అన్నాడతను.

"మా బావగారు దాంతో మాట్లాడాలి, అదీ సంగతి" అన్నాడు బావమరిది. ఎగతాళికే అన్నాడు.

చిన్న బండి చప్పుడు ఎక్కడో రెండు వీధుల అవతల పిండిమర ఆడుతున్నట్టుంది. దాని మీదుగా నా గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. అదే తీసుకున్నాను. మైలేజీ సంగతి అడగనేలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

పొద్దున్నే స్కూలు గ్రౌండులో నేర్చుకున్నాను. క్రికెట్ ఆడేవాళ్లు నన్ను చూసి ఫీల్డింగ్ దూరంగా మార్చుకునేవాళ్లు.

"క్లచ్ మెల్లగా వదలండి బావగారూ! గుడి గంట కొట్టి పారిపోయినట్టు వదిలేస్తున్నారు."

"మెల్లగానే వదిలానయ్యా."

"మీరు మెల్లగానే వదిలారు, బండే ఎగిరింది. మా అక్కయ్య మిమ్మల్ని ఇన్నేళ్లు వెనక ఎందుకు కూర్చోబెట్టిందో ఇప్పుడు తెలిసింది."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక మళ్లీ స్టార్ట్ చేశాను.

బండి పూజకి మంగళగిరి కింది గుడికి వెళ్లాం. నది మీది వారధి దాటించే ధైర్యం లేక, నా కొత్త బండి మీద నేనే వెనక కూర్చుని వెళ్లాను. పూజారిగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతిచ్చి, "ఓనరుగారు ఎక్కి ముందుకి కదపండి" అన్నారు. ఎక్కాను. క్లచ్ వదిలాను. నిమ్మకాయ నలగలేదు, బండి ఆగిపోయింది. వెనక ఒక కొత్త కారు వాళ్లు పళ్లెం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నా చెవులు వేడెక్కాయి.

"మళ్లీ కానివ్వండి, స్వామికేం తొందర లేదు" అన్నారు పూజారిగారు.

రెండోసారి ఒక్క దూకు దూకింది. నిమ్మరసం బావమరిది ప్యాంటు మీద పడింది. "హమ్మయ్య, నాకూ పూజ అయింది" అన్నాడు. ఎదురుగా కొండ కనిపిస్తోంది. పైకి వెళ్దామా అని అతనడిగాడు. ఇంకోసారి వెళ్దాంలే అన్నాను. ఒక్కణ్ణే పానకం పోయించి, మిగిలిన సగం చేత్తో పట్టుకుని నిలబడాలని లేదు.

ఆ శనివారం వచ్చింది. బావమరిది వెనక తన బండి మీద వస్తానంటే వద్దన్నాను. బందరు రోడ్డు మీద పోలీసులుంటారని, బండితో పాటు ఇచ్చిన హెల్మెట్ మొదటిసారి పెట్టుకున్నాను. గ్రౌండులో దాని అవసరం రాలేదు. లారీలు, చెరుకు ట్రాక్టర్లు దాటుకుంటూ పోతుంటే ఎడమ అంచు వదలకుండా నడిపాను. కంకిపాడు దాటి గట్టు ఎక్కేసరికి చొక్కా తడిసిపోయింది. గట్టు మీద రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోశారు. మిగిలిన సగంలోనే మెల్లగా పోవాలి. కాలువలో నీళ్లు, అవతల కోసేసిన చేలు, కొంగలు. ఎప్పుడూ ఇక్కడే మొదలుపెట్టేవాళ్లం. మొదలుపెట్టాను.

నా గొంతు బిందెలో తల పెట్టి అరిచినట్టు మోగింది. ఉలిక్కిపడ్డాను. ఇంజను చప్పుడు దాదాపు లేదు, గాలి లేదు, బయట ఏమీ లేదు. హెల్మెట్ లోపల నా గొంతొక్కటే. ఆ నూట యాభై సీసీ బండి తీసుకున్నా ఇలాగే వినిపించేది. షోరూములో ఉత్త తలతో నిలబడి చప్పుళ్లు పోల్చుకున్నాను.

నవ్వు వచ్చింది. నవ్వు సగంలో ఇంకొకటి తట్టింది. బండి పక్కకి తీసి ఆపేశాను. హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాను.

ఆమె ఎప్పుడూ హెల్మెట్ పెట్టుకునేది. నేను వెనక ఉత్త తలతో కూర్చునేవాణ్ణి. ఆమె గొంతుని గాలి నా దగ్గరికి తెచ్చేది. నా గొంతుని వెనక్కి తీసుకుపోయేది. ఆమెకి నేను వినిపించే అవకాశమే లేదు. నా సగం ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆ లోపల మౌనంగా ఉండి, తర్వాత తన సగం అందుకునేది. నాది పూర్తికాకుండా అందుకున్నదంతా అందుకే. ఒక్కసారి కూడా చెప్పలేదు. అలాగేలెండి అని నవ్వింది, అంతే.

ధాన్యం ఎగదోస్తున్న ఒకాయన పార ఆపి చూశాడు.

"బండాగిపోయిందా అండీ? పెట్రోలు గానీ అయిపోయిందా?"

"లేదండీ, ఉంది. ఊరికే ఆగాను."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే."

మళ్లీ హెల్మెట్ పెట్టుకున్నాను. నా సగం అన్నాను. ఆమె సగం ఎంత పొడవో అంతసేపు నోరు మూసుకున్నాను. తర్వాతి శ్లోకంలో నా సగం అన్నాను. ఇంట్లో ఏడాదిపాటు నన్ను ఆపేసిన చోటు ఆ రెండో సగమే. అక్కడ ఎదురుచూసి మళ్లీ ముందుకు పోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఊరు వచ్చేసరికి చాలా శ్లోకాలు దాటాను.

రామాలయంలో చాపలు వేసి ఉన్నాయి. సగంమందే వచ్చారు. "కొత్త బండేసుకొచ్చారే!" అంది పెద్దావిడ. నా చోట కూర్చుని మొదటి సగం చదివి ఆగాను. ఎవరూ అందుకోలేదు. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్లూ అందరూ ఆమె వెనకే అన్నవాళ్లు, ముందు ఎవరనాలో తెలియదు. నేను రెండో సగం చదవలేదు, లేవనూ లేదు. ఆ పొడవంతా గడవనిచ్చి రెండో శ్లోకం మొదలుపెట్టాను. మూడోదానికి పెద్దావిడ గొంతు సవరించుకుని, శ్రుతి ఎక్కడో, మాట ఎక్కడో, అందుకుంది. మిగతావాళ్లు కలిశారు. నా భార్య గొంతు అందులో లేదు. పారాయణం పూర్తయింది. వచ్చే శనివారం ఇంకొంతమందిని లాక్కొస్తానంది పెద్దావిడ.

తిరుగుదారిలో చీకటి పడింది. లైటు వెలుగులో ధాన్యం కుప్పలు తప్పించుకుంటూ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. నా సగం, తర్వాత మౌనం.

బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నా పక్కన ఒక జంట ఆగింది. అతని తలకి హెల్మెట్, ఆమె వెనక ఉత్త తలతో. ఆమె ముందుకి వంగి ఏదో చెప్పింది. అతను హెల్మెట్ అద్దం పైకెత్తి, మెడ తిప్పి, "ఏంటీ? వినపడట్లేదే! మళ్లీ చెప్పు" అన్నాడు. ఆమె విసుక్కుని మళ్లీ చెప్పింది.

నా సగం అప్పటికే అయిపోయింది. గ్రీన్ పడేదాకా నేను ఏమీ అనకుండా ఉన్నాను.