ఫోను పోల్చని ఫొటో

నెత్తిన చేపల తట్ట తప్ప మరోటి ఎత్తగా నేనెప్పుడూ చూడని కూర్మమ్మ, ఆ రోజు మొగుడి పటం ఎత్తుకుని భోగాపురంలో నా సెల్ షాపుకొచ్చింది. పటానికి దండ కూడా తియ్యలేదు.

మొగుడి ఫోను తెరిచిపెట్టమని వస్తే, ఫొటో తెమ్మన్నది నేనే. ఆమె మొగుడు ఎల్లాజీ గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికి పోయేవాడు. రెండు వేల పద్దెనిమిది చివర్లో బోటు మీంచి సముద్రంలో పడిపోయాడు. శవం దొరకలేదు. తోటి కలాసీ అసిరయ్య అతని బట్టలు, ఫోను తెచ్చిచ్చాడు. ముఖం చూపిస్తే తెరుచుకునే ఫోను అది. ఒకే గదిలో అంతమంది పడుకునే చోట తాళం నంబరు దాగదని అలా పెట్టుకున్నాడట. "ఆగిపోతే నంబరడుగుతాది, సార్జింగు దిగనీకు" అని చెప్పి వెళ్లాడు అసిరయ్య. అప్పట్నించి కూర్మమ్మ దాన్ని చంటిపిల్లలా చూసుకుంది. ఇంట్లో చూసుకోడానికి ఇంకెవరూ లేరు మరి. కరెంటు పోతే చార్జింగు కోసం పక్కూరికి పరిగెత్తేది.

ఫార్మాట్ కొడితే లోపలున్నవన్నీ పోతాయి. అయితే ఇలాంటి చవక ఫోన్లకి మనిషికీ మనిషి ఫొటోకీ తేడా తెలీదు. అదేదో గొప్ప తాళమని కొనేవాళ్లని నమ్మిస్తారు చూశారూ, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గుడ్డితనం ఈమెకైనా పనికొస్తుందనుకున్నాను.

పటం ముందు ఫోను పెట్టాను. తెరుచుకోలేదు. బొట్టు తుడిచి మళ్లీ పెట్టాను. ఊహూఁ. అప్పుడు చూశాను పటాన్ని పరీక్షగా. కోటు, టై, పాలమీగడ లాంటి ఒళ్లు. ఎల్లాజీ బతికుండగా కోటు తొడిగిందెప్పుడు? మా వైపు స్టూడియోల వాళ్లకి ఇదో జబ్బు. పోయినవాణ్ణి కలెక్టర్ని చేస్తే గాని వదలరు.

నేను విసుక్కుంటుంటే కూర్మమ్మ ముఖం వెలిగింది.

"సూసావా బాబూ! అది కూడా పోల్చనేదు. ఈడు మా మావ కాడని నాను మొత్తుకుంటే, బాగున్నాడు కదేటని మా మరిది శివాజీ నా నోరు మూసేసినాడు. ఇన్నాళ్లూ ఒక్కదాన్నీ కూకోని ఆ కోటోడికి దీపం పెడతన్నాను. ఇప్పుడు కల్లోకి కూడా ఆడే వస్తన్నాడు. మా మావ ముకం మర్సిపోతన్నాను బాబూ."

పటాన్ని కౌంటరు మీద పక్కకి జరిపాను.

"ఇంకో ఫొటో లేదా?"

"తీసుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి కదేటి. పటానికిచ్చిన పాత ఫొటో ఇస్టూడియోవోడు పోగొట్టేసినాడు."

ఆ తర్వాత ఏదో గుర్తొచ్చి, బొడ్లో సంచిలోంచి ఓ ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో వేటకెళ్లేవాళ్ల గుర్తింపు కార్డు. బట్టల మడతల్లో దొరికిందట. దాని మీద గోరంత ఫొటో. దాన్ని కంప్యూటర్లో పెద్దది చేశాను. ఎండకి మాడిన ముఖం, మాసిన గడ్డం.

"తెల్లగా సెయ్యకు బాబూ" అంది భయంగా.

ఏమీ చెయ్యకుండానే ప్రింటు తీశాను. ఇంకొక్కసారి తప్పితే నంబరు అడుగుతుంది. ఫోనుకి చూపించాను. తెరుచుకుంది.

ఒకరి ఫోను తవ్వే అలవాటు నాకు లేదు. ఫొటోలున్న చోట నొక్కి ఆమె చేతికిచ్చేశాను. ఆమే నన్ను పిలిచి చూపించింది. వల చిక్కు తీస్తున్న ఎల్లాజీ, విరిగిన పన్ను కనబడేలా నవ్వుతున్న ఎల్లాజీ. ఆ పన్ను తడిమి చూడబోతే బొమ్మ పక్కకి జరిగిపోయింది. కంగారుపడి, వెనక్కి తెమ్మని నా చెయ్యి పట్టుకుంది.

"తాళం తీసేస్తానమ్మా. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు."

"వద్దు. మావ ముకం సూపిత్తేనే తెరుసుకోనీ."

"అది తాళమే కాదు తల్లీ. ఈ ఫొటో ఎవరి దగ్గరుంటే వాళ్లు తెరిచేస్తారు."

కూర్మమ్మ ప్రింటుని కొంగులో చుట్టుకుని లేచింది. కోటు పటాన్ని నా కౌంటరు మీదే వదిలేసింది.

"మా మావ ముకం నాకు తప్ప ఎవులికి కావాలి బాబూ?"