రిజిస్టర్లో లేని అక్క

అక్క పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసింది. అప్పటికే భూస్థాపన అయిపోయి రెండు రోజులైంది. ఆ హడావుడిలో నగరం ఇంకో కొసన న్యూ టౌన్‌లో ఒంటరిగా ఉండే నాలాంటి పిన్ని ఒకతె ఉందని ఎవరికి గుర్తుంటుంది? తప్పు పట్టను. కానీ బాధపడ్డాను, ఇంకా పడుతున్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. ఈ పరభాషా నగరంలో ఏక్‌బాల్‌పూర్ తెలుగు బస్తీలో ఉంటూ రోడ్లూడ్చే కార్మికురాలు, ఎర్రజెండా యూనియన్ మనిషి. నేను గుంటూరు నుంచి పరిశోధనకు వచ్చిన విద్యార్థినిని. ఊడ్చేవాళ్ల ఊపిరితిత్తుల జబ్బుల మీద యూనియనూ మా విశ్వవిద్యాలయమూ కలిసి సర్వే చేద్దామనుకున్నాయి. నా చేతిలో ప్రశ్నల కాగితాలు చూసి ఆమె నవ్వింది. “ఏటి సెల్లీ, పోలీసోళ్లలాగ అడిగితే ఎవులు సెప్తారు? ముందు కూకో. టీ తాగు. నీకేటి జబ్బో నువ్వు సెప్పు.”

అలా ప్రతి ఇంట్లో నా పార్శ్వపు తలనొప్పి కథ చెప్పాకే వాళ్ల దగ్గు గురించి అడిగేదాన్ని. వారం తిరక్కుండా నా తలనొప్పి బస్తీ అంతటికీ తెలిసిపోయింది. ఆదివారం ప్రార్థన అయ్యాక, రాసిందంతా వాకిట్లో అందరి ముందూ చదివి వినిపించాలి. వాళ్లు ఒప్పుకోని మాట కొట్టేయాలి. అది ఆమె పెట్టిన నియమం. మా ప్రొఫెసర్ కూడా నా రాతల్ని అంత నిర్దాక్షిణ్యంగా కొట్టేయలేదు.

ఒక ఆదివారం, నా శ్రద్ధంతా చూపించుకుంటూ, ఒక్కొక్కరికీ రెండేసి పేర్లు చదివాను: హాజరు రిజిస్టర్లో ఉన్నదీ, ఇంట్లో పిలిచేదీ. అక్క కాగితం లాక్కుంది. చనిపోయినవాళ్ల పేర్ల మీద, మంచాన పడ్డవాళ్ల పేర్ల మీద ఎంతమంది పని చేస్తున్నారో నాకప్పుడు తెలిసింది. అక్క చేసేదీ చనిపోయిన తోడికోడలి పేరు మీదే.

“ఇది అచ్చయితే మా పొయ్యిలో పిల్లి లెగదు సెల్లీ. నీది సదువు. మాది కూడు.”

పేర్లున్న కాగితాలన్నీ అక్కడే చింపేశాను. సగం పని ఆమెదే అయినా నివేదిక మీద నా పేరొక్కటే అచ్చయింది. దానివల్ల బస్తీకి నెలకోసారి డాక్టరు రావడం మొదలైంది, నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. సిగ్గుగా ఉందక్కా అన్నాను ఒకసారి. “సిగ్గెందుకే? డాక్టరొస్తన్నాడు కదేటి,” అంది.

తర్వాత తరగతులు, సదస్సులు. ఏక్‌బాల్‌పూర్ వెళ్లడం ఏడాదికోసారి అయింది, ఆ పైన అదీ లేదు. ఈ మహానగరంలో నన్ను తెలుగులో “నువ్వు” అనే మనిషి ఆమె ఒక్కతే. ఆమెను చావుకంటే ముందే నేను పోగొట్టుకున్నాను.

ఈ నాలుగు మాటలు రాస్తానంటే కూతురు ఫోన్లో ఒక్క షరతు పెట్టింది. “రాయి పిన్నీ. అమ్మ పేరు మాత్రం ఎయ్యకు. అమ్మ పని మానేసినప్పుడు, రిజిస్టర్లో ఉన్న పేరుకి కూతుర్నని సెప్తేనే నాకు ఉజ్జోగం ఇచ్చినారు.” అందుకే ఇక్కడా వేయడం లేదు.

నిన్న సమాధుల తోటకి వెళ్లాను. చెక్క సిలువ మీద ఆమె అసలు పేరు తెలుగులో రాశారు. నేను చింపేసిన ఆ కాగితం తర్వాత, అది ఎక్కడైనా రాసి ఉండగా చూడటం నాకు ఇదే మొదటిసారి. చుట్టూ ఎవరూ లేరు. రంగు ఆ ఉదయమే వేసినట్టున్నారు. ఆగలేక ముట్టుకున్నాను. చివరి అక్షరం నా వేలికి అంటుకుని చెదిరిపోయింది.